గరిటె విసిరే కర్ర

మా గుడిలో కోత పండుగనాడు ఇళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. "ఫలానావారి ఇల్లు" అని సంఘపెద్ద గొంతెత్తి పిలవగానే ఆ ఇంటి యజమాని లేచి, తన చేతి కష్టం నెత్తిన పెట్టుకునో చంకనెత్తుకునో బల్ల దగ్గరకు నడుస్తాడు. వెనకాల పెళ్ళాం, పిల్లలు. వరి కంకుల కట్ట, గుమ్మడికాయ, కోడిపుంజు, ఎవరికి ఏది కలిసొస్తే అది. పాస్టరు గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. పిలుపు వచ్చిందంటే ఊళ్ళో మీకో ఇల్లున్నట్టు. పిలుపు రాలేదంటే మీరు ఎవరి వెనకో నడిచే మనిషన్నట్టు.

నా భర్త యాకోబు జ్వరంతో పోయినప్పటి నుంచీ నా ఇంటికి పిలుపు రాలేదు. మొగుడి పేరు పైకి చెప్పకూడదంటారు. నేను చెబుతాను. చెప్పకుండా "ఆయన, ఆయన" అంటూ కూర్చుంటే ఏ ఆయనో మీకెలా తెలుస్తుంది?

ఇళ్ళను పిలిచే సంఘపెద్ద మా బావగారు కృపానందం గారే, యాకోబుకి సొంత అన్న. ఏటా తన ఇంటిని తానే పిలుచుకుని, గంప ఎత్తించుకుని ముందు నడిచేవారు. ఆయన వెనక మా అక్క సుగుణ, అంటే ఆయన భార్య. వాళ్ళ వెనక పిల్లలు. అందరి వెనకాల, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా, నేను. చెప్పొద్దూ, ఒళ్ళు మండిపోయేది.

ఆయన చెడ్డవారు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు తిండి పెట్టారు, బట్ట ఇచ్చారు, జ్వరమొస్తే కైకలూరు ఆసుపత్రికి బండి కట్టించారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. అసలు తంటా అదే. అరిచే మనిషి మీద తిరిగి అరవచ్చు. మెత్తగా "అమ్మా, సారమ్మా" అంటూ మన చేతిలోది తీసుకునే మనిషిని ఏమనగలం?

పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగులో, వరి కోతలు మొదలవుతుండగా, సంఘం పెద్దలంతా గుడి వరండాలో కూర్చున్నప్పుడు వెళ్ళి నిలబడ్డాను.

"బావగారూ, ఈ ఏడు నా ఇల్లు విడిగా పిలవండి."

ఆయన నవ్వారు. "ఇల్లంటే పొయ్యి ఒక్కటే కాదమ్మా. చేతి కష్టం చూపించాలి. నువ్వు ఏం తేగలవు?"

"నా బాతులున్నాయండి."

"ఎవరి దొడ్లో తిరుగుతున్నాయవి?"

"ఆనపకాయలున్నాయి."

"పాదు ఎవరి నేలలో ఉంది?"

పెద్దలు తలలూపారు. ఆ బాతులకు నూకలు పోసేది నేను. ఆ పాదుకు నీళ్ళు మోసేది నేను. ఆ దొడ్డిలో సగం యాకోబు వాటాకి వచ్చిందే. కానీ యాకోబుని పూడ్చి వచ్చాక బావగారు మధ్య కంచె పీకించేసి, "ఒంటరి మనిషివి, నీకు కంచెలూ కాపలాలూ ఎందుకమ్మా" అన్నారు. ఏడుపులో ఉన్నదాన్ని, తల ఊపాను. ఆ రోజు నుంచి ఏ గుడ్డు పెట్టినా ఆయన దొడ్లో పెట్టినట్టే.

"మీ నేల మీది కాకుండా తెస్తే?" అన్నాను.

"తేమ్మా. నీ ఒక్కదాని చేతి కష్టమై ఉండాలి, బల్ల మీద విడిగా పెట్టదగ్గది కావాలి. తెస్తే విడిగానే పిలుస్తాను. నాకేం అభ్యంతరం?"

పెద్దలంతా విన్నారు. పాస్టరు దేవసహాయం గారూ విన్నారు. నేను తేలేనని అందరికీ నమ్మకం. నేను ఇంటికి నడుస్తూ ఒకటే అనుకున్నాను, ఏరు ఆయన దొడ్లో లేదు కదా అని.

మా ఊరు ఉప్పుటేటి ఒడ్డున ఉంది. కొల్లేటి నీళ్ళన్నీ ఈ ఏటి గుండానే సముద్రానికి పోతాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం ఎదురు తిరిగి ఇందులోకి ఎక్కుతుంది, దాంతోపాటే పండుగప్ప చేపా ఎక్కుతుంది. చిన్న చేపలను మా గుడిలో విడి కానుకగా లెక్కపెట్టరు, అందరివీ ఒకే తొట్టిలో పోసేస్తారు. పండుగప్ప అలా కాదు. దాన్ని ఆకుల మీద పడుకోబెట్టి బల్ల ఎక్కిస్తారు. వలతో పడదామంటే మా ఇంటి వల బావగారిది. ఆ వలతో పట్టుకొస్తే "ఎవరి వలమ్మా" అనడానికి ఆయనకు క్షణం పట్టదు. ఇక మిగిలింది గాలం.

గాలం కర్ర నాకుంది. యాకోబు మిషను దొరగారి పడవ నడిపేవాడు. దొరగారు సీమకు వెళ్ళిపోతూ తన కర్ర యాకోబుకి ఇచ్చారు. సన్నని వెదురు బద్దలు అతికి, ఎర్ర పట్టు దారంతో కట్లు కట్టిన కర్ర. దానికి పిడికిట్లో ఇమిడే చిన్న ఇత్తడి రీలు. గోరంత రేకు కట్టి విసిరితే పరిగెలూ చిన్న జెల్లలూ పడేవి. యాకోబు దాన్ని నూనె గుడ్డతో తుడిచి చూరులో పెట్టుకునేవాడు. పండుగప్ప పట్టాలని బతికినంత కాలం అనుకున్నాడు పాపం, ఆ కర్రతో పట్టలేకపోయాడు. అరచేయంత చేపను ఒక్క గుటకలో మింగే ఆ నోటికి గోరంత రేకు ఏం ఆనుతుంది?

ఎర పెద్దది కావాలి. నా దగ్గర ఇత్తడి గరిటె ఉంది, మా అమ్మ నా కాపురానికి పెట్టిన సామానులోది. కైకలూరులో కంచరి చేత కాడ కోయించి, గుంటకు రెండు కొసలా బెజ్జాలు పెట్టించాను. ఒక బెజ్జానికి ఇనుప తీగ, రెండో దానికి మూడు ముళ్ళ పెద్ద గాలం. నీళ్ళలో లాగి చూస్తే పొట్ట తిప్పుకుంటూ తళుక్కు తళుక్కుమంటూ వచ్చింది. నాకే మింగాలనిపించింది.

దాన్ని యాకోబు కర్రకు కట్టి, అబ్బులు దోనెలో నిలబడి విసిరాను. అబ్బులు యాకోబు స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. కర్ర వెనక్కి వంగింది, వంగి ఇక లేవలేదు. గరిటె అక్కడే వేలాడి, తీరిగ్గా ముందుకు వచ్చి, అబ్బులు తలపాగాలో దిగింది.

"చేపను పట్టమన్నాను గానీ నన్ను కాదు, చెల్లెమ్మా" అన్నాడు అబ్బులు, తలపాగాలోంచి ముళ్ళు తీసుకుంటూ.

"కర్ర బలం చాలలేదు. ఊరుకో" అన్నాను.

ఇక్కడే మా ఊళ్ళో ఎవరైనా చేసే తప్పు నేనూ చేశాను. మాకు బలమంటే లావు. గుంజ లావుదైతే పాక నిలబడుతుంది, మోకు లావుదైతే పడవ ఆగుతుంది. కాబట్టి దోనె తోసే గడల్లోంచి లావుపాటి వెదురు ఎంచి, దానికి రీలు తీగతో బిగించి, ఒళ్ళంతా బలం చేసుకుని విసిరాను. కర్ర ఇసుమంత కూడా వంగలేదు. విసురంతా ఎటూ పోలేక దారం మీద పడింది. దారం పుటుక్కుమంది. గరిటె ఒక్కటే స్వేచ్ఛగా పోయి ఏటి మధ్యలో పడింది.

మా అమ్మ గరిటె. నోట్లోంచి బూతు వచ్చింది, మింగేశాను. పాటుకు నీళ్ళు తీశాక నడుములోతు బురదలో దిగి, కాళ్ళతో తడిమి తడిమి దొరికించుకున్నాను. ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళు చూసి, ఈవిడకేం పోయేకాలం అని ముక్కున వేలేసుకున్నారు. బురదలో నిలబడే నాకు సంగతి బోధపడింది. గరిటె బరువు కర్ర కొసకు తెలియాలి, తెలిసి వంగాలి. కర్ర నడుము దానికి కాస్త సాయం రావాలి. మొదలు మాత్రం కదలకూడదు. బరువు తెలియని కర్ర దారాన్ని తెంపుతుంది. బరువు మొయ్యలేని కర్ర మన నెత్తిన వేస్తుంది.

"అలాంటి కర్ర ఎక్కడుంటుంది?" అంటే, ఏలూరులో నాగభూషణం గారి కొట్లో దొరల కర్రలు ఉన్నాయని అబ్బులే చెప్పాడు. చీకటితో బయలుదేరి, కొల్లేరు దాటి వెళ్ళాం. యాకోబు కర్ర కూడా వెంట పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో దారిపొడుగునా నాలో నేను ఒప్పుకోలేదు.

నాగభూషణం గారిది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గొలుసులు, మోకులు, లాంతర్లు. బదిలీ మీద వెళ్ళిపోయే దొరల సామాను వేలంలో కొని అది కూడా అమ్ముతారు. ఆయన చేప పేరెత్తితే ముక్కు మూసుకునే మనిషి. ఆయన కొట్టు మెట్టు మా వాళ్ళు ఎక్కకూడదు. వీధిలో నిలబడి అడిగితే గుమాస్తా సరుకు తెచ్చి మెట్టు మీద పెడతాడు, మనం అక్కడి నుంచి తీసుకోవాలి.

"గాలం కర్రలు చూపించండి" అన్నాను వీధిలోంచి.

"ఏ దొరగారు పంపారమ్మా?"

"ఎవరూ పంపలేదండి. నాకే."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, గుమాస్తాకు సైగ చేశారు. సన్నని కర్ర ఒకటి మెట్టు మీదకు వచ్చింది. "తేలిక రకం. ఆడవాళ్ళ చేతికి బాగుంటుంది."

కొంగుముడి విప్పి, గరిటె తీసి, దాని కొసకు వేలాడదీశాను. కర్ర గొడుగు కాడలా వంగిపోయింది.

"అదేవిటమ్మా, గరిటె పట్టుకొచ్చావు? ఇది వంటపాత్రల కొట్టు కాదే" అన్నారాయన.

"ఎర అండి."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. ఈసారి గుమాస్తా రెండు చేతులా మోసుకుని గుడ్డ సంచిలోంచి ఒక మహా కర్ర తీశాడు. మూడు ముక్కలు బిగిస్తే వీధి సగం ఆక్రమించింది. "పెద్ద ఇంజనీరు దొరగారిది. దీన్ని మించింది మద్రాసులో కూడా దొరకదు" అన్నారు నాగభూషణం గారు. ఎత్తి చూశాను. రెండు చేతులూ కావాలి, అప్పటికే మణికట్టు లాగేస్తోంది. గరిటె కట్టాను. గరిటె అనేది ఒకటి ఉందని ఆ కర్రకు తెలియనే లేదు.

"దీన్ని దోనెలో తిప్పితే ముందు ఏట్లో పడేది నేనే" అన్నాడు అబ్బులు.

"ఆ మూలది ఇవ్వండి" అన్నాను. చీపుర్ల కట్టల మధ్య నల్లగా ఒకటి కనిపిస్తోంది.

"అదా? మోటు కర్రమ్మా. పూతంతా లేచిపోయింది. వచ్చినవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు."

నేను ముట్టుకున్నాను. పట్టు దగ్గర నా పిడికిలికి సరిపోయింది. గరిటె వేలాడదీస్తే కొస వంగింది. పైకీ కిందకీ ఊపితే నడుము కదిలింది. మొదలు మాత్రం నా చేతిలో మొండిగా కూర్చుంది. నా లాంటిదే దొరికిందనుకున్నాను.

రీలు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. ఆయన మెరిసే ఇత్తడి రీలు ఒకటి పెట్టి, దాని కిరకిర వినిపించి, సీమ సరుకని పొగిడారు. గరిటెకు లావు దారం కావాలి, లావు దారం అందులో పట్టదు. పట్టినంతే చాలనుకుంటే, చేప పరుగెత్తినప్పుడు అంతా అయిపోయి చేతిలో ఖాళీ రీలు మిగులుతుంది. పెట్టె అడుగున టీ సాసరంత చెక్క రీలు కనిపించింది. వేలితో తిప్పాను. తనంతట తాను తిరుగుతూనే ఉంది. బొటనవేలు ఆనిస్తే ఆగింది.

"ఇది చాలండి."

"చెక్కదమ్మా అది. ఇత్తడిది చూడు, ఎలా మెరుస్తోందో."

"మెరిసే పని గరిటె చూసుకుంటుందండి. ఒకసారి విసిరి చూస్తాను."

"కొట్లోనా?" అన్నారాయన కంగారుగా.

"కొట్లోకి మీరు ఎలాగూ రానివ్వరు. వీధి ఉందిగా."

ఆ ఒక్కరోజుకి ఆయన మెట్టు ఎక్కనివ్వకపోవడమే నాకు మేలైంది. కర్ర తిప్పడానికి కావలసినంత జాగా. అబ్బులు ముందుకు పరుగెత్తి జనాన్ని పక్కకు జరిపాడు. జట్కావాడు గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మొదటిసారి విసిరితే గరిటె ఆగాక కూడా రీలు తిరిగి, దారం పిచ్చుకగూడు కట్టింది. విప్పుకుని, రెండోసారి బొటనవేలు రీలు మీద ఆనించి ఉంచి విసిరాను. గరిటె ఎండలో మెరుస్తూ పోయి, అక్కడెక్కడో బట్టల కొట్టు ముందు ఠంగుమని పడింది. చుడుతుంటే రాళ్ళ మీద గణగణమంటూ వెనక్కి వచ్చింది. ఒక కుక్క దాన్ని తరుముకుంటూ వచ్చింది. బజారంతా నవ్వింది. నవ్వనీ. అంత దూరం విసిరింది నేనే.

తిరిగి చూస్తే నాగభూషణం గారు మెట్టు దిగి నా పక్కనే వీధిలో ఉన్నారు. దిగిన సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

"ఇంకొక్కసారి విసురమ్మా" అన్నారు.

విసిరాను. ఆ తర్వాత యాకోబు కర్ర ఆయన చేతికిచ్చి, దీనికి మారకంగా మోటు కర్రా, దారంతో చెక్క రీలూ ఇమ్మన్నాను. ఎర్ర పట్టు కట్లు చూసి ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు, దొరలు ఇష్టపడే రకమట. ఆ కర్ర లోపలికి వెళ్ళిపోతుంటే నూనె గుడ్డతో దాన్ని తుడిచే చేతులు కళ్ళ ముందు ఆడాయి. వీధిలో నిలబడే ఏడ్చాను. ఏడుస్తూనే మోటు కర్ర భుజాన వేసుకున్నాను.

నేను ఊరు చేరేలోపలే కబురు చేరింది. బావగారు వాకిట్లో నిలబడి ఉన్నారు.

"తమ్ముడి గుర్తు అమ్ముకున్నావా సారమ్మా?" ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

"మార్చుకున్నానండి."

"మనసెలా వచ్చిందమ్మా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. "తమ్ముడి కంచె పీకినప్పుడు మీకెలా వచ్చిందో నాకూ అలాగే వచ్చిందండి" అన్నాను. నోరు జారిందని సుగుణక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. జారలేదు. తెలిసే అన్నాను.

ఆ రోజు నుంచి పోటు వచ్చే వేళకల్లా ఏట్లోనే ఉన్నాను. విసరడం, చుట్టడం, విసరడం. భుజాలు బిగుసుకుపోయాయి. చేప ఊసే లేదు. పండుగ రేపనగా, పొద్దెక్కే వేళ, ఏరు మలుపు తిరిగే చోట పోటునీళ్ళు సుడి కడుతున్నాయి. గరిటె ఆ సుడి అవతల వేసి చుట్టడం మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయింది. దుంగకు పట్టిందనుకుని విసుక్కున్నాను. ఆ దుంగ కదిలింది.

చేప నీళ్ళు చీల్చుకుని పైకి లేచి తల విదిలించింది. తర్వాత అది కిందకు దిగి సముద్రం వైపు పరుగెత్తింది. రీలు గిర్రున తిరిగింది, బొటనవేలు ఆనిస్తే తోలు లేచిపోయింది. కొంగు తడిపి వేలికి చుట్టుకుని మళ్ళీ ఆనించాను. కర్ర కొస నీళ్ళలో మునిగింది. నడుము విల్లయింది. మొదలు నా పొట్టలో గుచ్చుకుని అక్కడే ఉంది, కదల్లేదు. పాత కర్ర అయితే ఈపాటికి పుల్లలయ్యేది. గడ అయితే దారం తెంపేది. ఇది వంగింది, వంగి ఊరుకోకుండా వెనక్కి లాగింది.

"ఇలా ఇయ్యి చెల్లెమ్మా, నీ వల్ల కాదు, నేను లాగుతాను" అంటూ అబ్బులు చెయ్యి చాచాడు.

"ముట్టుకున్నావంటే నిన్ను ఏట్లోకి తోస్తాను."

"చేపేమైపోయినా పర్లేదా?"

"నీ వేలు తగిలితే రేపు ఎవరి చేతి కష్టం అంటారు? దోనె నిలబెట్టు, అంతే."

నిలబెట్టాడు. అది పరుగెత్తినప్పుడు వదిలాను, ఆగినప్పుడు చుట్టాను. ఎంతసేపో తెలియదు. చివరికి దోనె పక్కన వెల్లకిలా తేలింది, వెండి పొట్ట, ఎర్రగా మండే కళ్ళు. దాని మొప్పల మీది డిప్పలు కత్తులే, అక్కడ పట్టుకుంటే వేళ్ళు తెగుతాయి. గోనెపట్టా కింద దూర్చి నేనే ఎత్తాను. ఎత్తలేక దాని మీదే బోర్లా పడ్డాను. ఇద్దరం దోనె అడుగున పడి రొప్పుతున్నాం. యాకోబు చూడాల్సింది అనుకున్నాను.

ఊరంతా వచ్చి చూసింది. బావగారు కూడా వంగి చూసి, "దేవుడి దయ" అన్నారు. తడి గడ్డి, తడి గోనె కప్పి నూతి పక్క నీడలో పెట్టి, రాత్రంతా లేచి లేచి నీళ్ళు చల్లాను. పొద్దున్నే గుడి ఊడవడానికి వెళ్ళడం నా వంతు. వెళ్ళి వచ్చేసరికి గోనె ఉంది, చేప లేదు.

సుగుణక్క తల ఎత్తలేదు. "ఆయన మన గంపలో పెట్టించారు. మన ఇంటి కానుకే కదా అన్నారు. గొడవ చెయ్యకు సారమ్మా, పండుగపూట."

గొడవ చెయ్యలేదు. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, వేలికి కొత్త గుడ్డ చుట్టుకుని, గుడికి వెళ్ళి మొదటి వరసలో చాప మీద కూర్చున్నాను. ఆడవాళ్ళు వెనక కూర్చోవాలి. ఎవరో గుర్తు చేశారు. వినపడనట్టు ఊరుకున్నాను.

ఒక్కో ఇల్లూ లేచింది, నడిచింది, కూర్చుంది. చివరికి బావగారు తన ఇంటిని పిలుచుకున్నారు. "కృపానందం గారి ఇల్లు." కొడుకులిద్దరూ గంప మోసుకొచ్చారు. కంకులు, గుమ్మడికాయలు, అన్నిటికీ పైన బంతిపూల దండ వేసుకుని నా పండుగప్ప. జనం నావంకే చూస్తున్నారు. గంప బల్ల దగ్గర దించారు. పాస్టరు గారు చెయ్యి ఎత్తబోతుండగా లేచి నడిచాను. దండ తీసి గుమ్మడికాయకు వేశాను, దండ వాళ్ళదే. చేపను రెండు చేతులా ఎత్తుకుని, ఇళ్ళవాళ్ళు పిలుపు కోసం నిలబడే చోటికి వెళ్ళి నిలబడ్డాను.

"ఏవిటమ్మా ఇది, దేవుడి ముందు?" అన్నారు బావగారు, మెత్తగానే.

"మీ ఇల్లు అయిందండి. నా ఇల్లు పిలవండి."

"ఇంట్లోవాళ్ళ కష్టం ఇంటిదే కదమ్మా."

"ఏరు మీ దొడ్లో ఉందాండి? కర్ర మీదా? గరిటె మీదా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ అబ్బులు గట్టిగా దగ్గాడు. దేవసహాయం గారు ఎత్తిన చెయ్యి దించారు. "విడిగా తెస్తే విడిగా పిలుస్తానని మాటిచ్చారు కృపానందం గారూ. వరండాలో నేనూ ఉన్నాను" అన్నారు.

బావగారు నేల చూశారు. జారుతున్న చేపను నేను పైకి ఎగేసుకున్నాను. అప్పుడాయన తలెత్తి, గుడంతా మోగేలా పిలిచారు.

"యాకోబు గారి ఇల్లు."

జనం ఊపిరి వదిలారు. గొడవ తీరిందనుకున్నారు. ఆ పేరు ఆ గుడిలో ఎన్నాళ్ళకో వినపడేసరికి నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పాదం దానంతట అది లేచింది. వెళ్ళిపోదాం, ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. కానీ యాకోబు ఇల్లంటే తమ్ముడి ఇల్లు. తమ్ముడి ఇల్లు అన్నగారిది కావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. లేచిన పాదం అక్కడే పెట్టాను.

"యాకోబు సమాధిలో ఉన్నాడండి. ఈ చేపను పట్టింది ఆయన కాదు."

పాస్టరు గారు బావగారి వైపే చూస్తూ నిలబడ్డారు. బావగారు బల్ల వైపు తిరిగి, బల్లకు చెబుతున్నట్టు, పెదవులు కదిలీ కదలకుండా అన్నారు.

"సారమ్మ ఇల్లు."

నేను కదల్లేదు.

"వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళకు వినపడలేదండి, బావగారూ" అన్నాను.